ఊరి నీళ్లు ఎక్కడ చెడుతున్నాయో పట్టుకోవడం ఎలా: గండిపేట, హిమాయత్ సాగర్ ఎగువ ఊళ్లకు సమగ్ర మార్గదర్శి

మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, షాబాద్ వైపు నుంచి ఒకే రకం ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి. నల్లా నీళ్లు మురుగు వాసన కొడుతున్నాయి, ఎవరికి చెప్పాలి? బోరు నీళ్లు పిల్లలకు పట్టొచ్చా? వాగులో నురగ తేలుతోంది, పరీక్ష ఎక్కడ చేయించాలి? ఫిర్యాదు ఇచ్చాం, ఎవరూ రాలేదు, ఇప్పుడేం చేయాలి?

"మా ఊరి నీళ్లు బాగాలేవు" అని రాసిస్తే పంచాయతీ వాళ్లు మిషన్ భగీరథ వాళ్లను చూపిస్తారు, వాళ్లు తిరిగి పంచాయతీని చూపిస్తారు. అదే "ట్యాంకు దగ్గర నీళ్లు బాగున్నాయి, బడి మలుపు దాటాక చెడిపోయాయి, ఇవిగో రెండు రిపోర్టులు" అని రాస్తే ఆ పని ఎవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క దాని చుట్టూనే తిరుగుతుంది: నీళ్లు ఏ చోట చెడుతున్నాయో పట్టుకోవడం.

ఈ ఊళ్ల వాగులు మూసీలోకీ, ఈసీలోకీ చేరతాయి. మూసీ గండిపేట జలాశయాన్ని, ఈసీ హిమాయత్ సాగర్‌ను నింపుతాయి. ఆ నీళ్లు హైదరాబాద్ నల్లాల్లోకీ వస్తాయి. కాబట్టి ఇది ఊరి వాళ్ల బాధ మాత్రమే అని నగరంలో ఉన్నవాళ్లు పక్కకు తప్పుకోవడానికి లేదు.

## 1. నీటి దారి గీయండి

ఒక పెద్ద కాగితం తీసుకుని, నీళ్లు ఎక్కడి నుంచి బయలుదేరి మీ బిందెలోకి ఎలా వస్తున్నాయో గీయండి. కొలతలు కచ్చితంగా ఉండక్కర్లేదు, వరుస మాత్రం తప్పకూడదు.

వాటర్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ గొట్టం ఎక్కడ మోరీ కిందుగా పోతోందో, ఏ వాల్వు పనిచేయడం లేదో ఆయనకు తెలిసినంతగా ఏ ఆఫీసు ఫైల్లోనూ ఉండదు. ఆయన మీద నేరం మోపడానికి పిలిచారనుకుంటే నోరు విప్పడు. ముందే ఆ భయం తీసేయండి.

కాగితం మీద ఇవన్నీ కనిపించాలి:

- బయటి నుంచి నీళ్లు ఊళ్లోకి వచ్చే చోటు, అక్కడి వాల్వు
- ఓవర్‌హెడ్ ట్యాంకు, కింద సంపు ఉంటే సంపు
- ట్యాంకులోకి నీళ్లు ఎక్కించే పంచాయతీ బోర్లు
- ఏ వీధికి ఏ వాల్వు, గంటల లెక్కన ఎప్పుడు వదులుతారు
- గొట్టం మోరీని దాటే చోట్లు, లీకేజీ ఉన్న చోట్లు
- మొదటి ఇల్లు, పల్లంలో ఉన్న ఇల్లు, చిట్టచివరి ఇల్లు
- సెప్టిక్ ట్యాంకులు, పశువుల కొట్టాలు, కోళ్ల ఫారాలు, పెంట కుప్పలు
- చెరువు, కుంట, వాగు, వాటిలో కలిసే ప్రతి మోరీ

ఇంకో విషయం కూడా ఇప్పుడే తేల్చుకోండి. నగరం చుట్టూ కొన్ని ఊళ్లు ఇటీవలి సంవత్సరాల్లో మున్సిపాలిటీల్లో కలిశాయి. ఔటర్ రింగ్ రోడ్డు లోపల నీటి సరఫరా జలమండలి (హైదరాబాద్ నీటి బోర్డు) చూస్తుంది. మీ ఊరి నల్లా నీళ్లు పంచాయతీవా, మున్సిపాలిటీవా, జలమండలివా అన్నది తెలియకుండా ఫిర్యాదు రాస్తే, రాసిన కష్టం వృథా అవుతుంది.

## 2. నలుగురూ, ఒక నోట్‌బుక్కూ

ఒక్కరే తిరిగితే "ఆయనకు సర్పంచ్‌తో పడదు" అన్న మాట పుడుతుంది. కనీసం నలుగురు ఉండండి. అందులో నీళ్లు పట్టే ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఏ రోజు నీళ్లు ఏ రంగులో వచ్చాయో చెప్పగలిగేది వాళ్లే. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు టెస్టింగ్ కిట్ వాడటంలో శిక్షణ ఇవ్వాలన్న నియమం ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, కిట్ ఎక్కడుందో పంచాయతీ కార్యదర్శిని అడగండి. కిట్ బీరువాలో పడి ఉంటే బయటికి తీయించండి.

ఆశా కార్యకర్తనూ కలుపుకోండి. ఏ వీధిలో విరేచనాలు, కామెర్ల కేసులు వచ్చాయో ఆమెకు తెలుస్తుంది. రోగుల పేర్లు మాత్రం మీ నోట్‌బుక్కులోకి రానివ్వకండి. వీధి, వారం, ఎంతమంది అన్నది చాలు.

నోట్‌బుక్కులో రోజూ రాయాల్సినవి: తేదీ, నీళ్లు వదిలిన సమయం, ఆపిన సమయం, మొదటి ఐదు నిమిషాల్లో రంగూ వాసనా, తర్వాత ఎలా మారాయి, ముందు రోజు వాన పడిందా. రెండు వారాలు రాస్తే చాలు, ఏదో ఒక క్రమం కనబడుతుంది. సమయం, చోటు ఫొటో మీదే పడేలా జీపీఎస్ కెమెరా యాప్‌తో ఫొటోలు తీయండి.

## 3. ఏ పరీక్ష ఎందుకో తెలుసుకుని అడగండి

ల్యాబ్‌కు వెళ్లి "అన్ని టెస్టులూ చేయండి" అంటే డబ్బు ఎక్కువ అవుతుంది, జవాబు తక్కువ వస్తుంది. మీ అనుమానాన్ని బట్టి అడగండి. తాగునీటికి మన దేశంలో ప్రమాణం ఐఎస్ 10500. అందులో మీకు పనికొచ్చే హద్దులు ఇవి:

- ఈ.కోలి, కోలిఫాం: 100 మిల్లీలీటర్లలో అసలు కనిపించకూడదు. ఈ.కోలి ఉంటే మలం కలిసినట్టే.
- నైట్రేట్: లీటరుకు 45 మిల్లీగ్రాములు. దీనికి సడలింపు లేదు.
- ఫ్లోరైడ్: 1.0 మి.గ్రా. వరకు మంచిది. వేరే దారి లేకపోతే 1.5 వరకు.
- టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం): 500 మి.గ్రా. వేరే దారి లేకపోతే 2000 వరకు.
- గట్టితనం: 200, వేరే దారి లేకపోతే 600.
- క్లోరైడ్: 250, వేరే దారి లేకపోతే 1000.
- పీహెచ్: 6.5 నుంచి 8.5.
- మడ్డితనం: 1 ఎన్‌టీయూ, వేరే దారి లేకపోతే 5.
- మిగులు క్లోరిన్ (శుద్ధికి వేసిన దాంట్లో ఇంకా మిగిలి ఉన్నది): నల్లా దగ్గర కనీసం 0.2 మి.గ్రా.

నల్లా నీళ్లకు ముందు చేయాల్సినవి ఈ.కోలి, మిగులు క్లోరిన్, మడ్డితనం, టీడీఎస్. బోరు నీళ్లకు నైట్రేట్, ఫ్లోరైడ్, టీడీఎస్, గట్టితనం, ఈ.కోలి. మన నేలంతా నల్లరాయి, గ్రానైట్. బోర్లలో నీళ్లు రాతి పగుళ్లలో నిలిచి ఉంటాయి కాబట్టి ఫ్లోరైడ్ రాయి నుంచే దిగుతుంది. అది ఎవరో కలిపింది కాదు. నైట్రేట్ దాదాపు ఎప్పుడూ పైనుంచి దిగిందే: సెప్టిక్ ట్యాంకు, పేడ, కోళ్ల పెంట, యూరియా. ఒకే బోరులో ఫ్లోరైడ్ మామూలుగా ఉండి నైట్రేట్ 45 దాటితే, చుట్టుపక్కల ఏముందో తిరిగి చూడండి.

ఎక్కడ చేయించాలి? గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లు సామాన్యుల శాంపిళ్లనూ తక్కువ రుసుముకు తీసుకుంటాయి. నగరంలో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ప్రభుత్వ సంస్థ, అక్కడా నీటి పరీక్షలు చేస్తారు. ప్రైవేటు ల్యాబ్ అయితే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు జాతీయ స్థాయిలో ఇచ్చే) గుర్తింపు ఉందా, మీరు అడిగే పరీక్షకే ఆ గుర్తింపు ఉందా అని చూడండి. వెళ్లే ముందు ఫోన్ చేసి, బ్యాక్టీరియా శాంపిల్ ఏ రోజుల్లో, ఎన్ని గంటల లోపు తీసుకుంటారో కనుక్కోండి. బాటిల్ వాళ్లనే అడిగి తెచ్చుకోండి.

## 4. ఎక్కడెక్కడ శాంపిల్ తీయాలి

ఈ ఒక్క మెట్టు సరిగా వేస్తే మిగతావన్నీ తేలికవుతాయి. ఒకే ఉదయం, ఒకే సరఫరా సమయంలో, ఈ నాలుగు చోట్ల తీయండి:

1. నీళ్లు ఊళ్లోకి వచ్చే చోటు, ట్యాంకులో పడకముందు
2. ట్యాంకు నుంచి బయటికొచ్చే గొట్టం
3. ట్యాంకుకు దగ్గరి ఇంటి నల్లా
4. చివరి ఇంటి నల్లా, లేదా పల్లంలో ఉన్న ఇల్లు

నల్లా శాంపిల్ గొట్టం నుంచి నేరుగా వచ్చే నీళ్లదే కావాలి. ఇంటి సంపు నుంచీ, మిద్దె మీది సింటెక్స్ ట్యాంకు నుంచీ తీస్తే ఆ ఇంటి శుభ్రతకు పరీక్ష చేసినట్టవుతుంది, ఊరి నీళ్లకు కాదు.

నాలుగింటికీ డబ్బు సరిపోకపోతే రెండోదీ నాలుగోదీ చేయించండి. ఒక్కటే చేయించగలిగితే ఆగి, చందా వేసుకుని రెండు చేయించండి. ఒక్క రిపోర్టు నీళ్లు చెడ్డాయని చెప్తుంది గానీ, ఎక్కడ చెడ్డాయో చెప్పలేదు.

కాలం కూడా ముఖ్యమే. మురుగు కలవడం పట్టుకోవాలంటే మొదటి పెద్ద వానల తర్వాత తీయండి. బోర్లలో లవణాలు, నైట్రేట్ ఎంతకు చేరతాయో తెలియాలంటే మే నెలలో, నీటిమట్టం అడుగంటినప్పుడు తీయండి.

## 5. శాంపిల్ తీసే పద్ధతి

బ్యాక్టీరియా శాంపిల్‌లో చిన్న పొరపాటు జరిగినా రిపోర్టు మొత్తం పనికిరాదు. వరుస ఇది:

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. నల్లాకు కట్టిన గుడ్డ, ప్లాస్టిక్ పైపు తీసేయండి.
2. నల్లా మూతి తుడిచి, లోహపు నల్లా అయితే లైటర్ మంటతో కాస్త కాల్చండి. ప్లాస్టిక్ అయితే స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి.
3. రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేయండి.
4. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ బాటిల్ మూత అప్పుడే తీయండి. మూతను కింద పెట్టొద్దు, లోపలి వైపు తాకొద్దు. బాటిల్‌ను కడగొద్దు. అడుగున పొడిలాగా కనిపించేది క్లోరిన్‌ను ఆపడానికి వేసిన సోడియం థయోసల్ఫేట్.
5. పైన కొంచెం ఖాళీ ఉంచి నింపి, వెంటనే మూత పెట్టండి.
6. ఐస్ ప్యాక్‌లున్న డబ్బాలో పెట్టండి. ఆరు గంటల్లో ల్యాబ్‌కు చేరితే మంచిది. 24 గంటలు దాటితే మళ్లీ తీయాల్సిందే.

రసాయన పరీక్షకు శుభ్రమైన రెండు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్ చాలు. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నిండా నింపండి. కూల్‌డ్రింక్ సీసాలు, మందుల డబ్బాలు వద్దు.

మొదటి ఐదు నిమిషాలు మురికిగా వచ్చి తర్వాత తేరుకునే ఊళ్లలో ఇంకో శాంపిల్ అవసరం. నీళ్లు వదిలిన క్షణమే వచ్చే మొదటి నీళ్లను వేరే బాటిల్‌లో పట్టి, దాని మీద "మొదటి నీళ్లు" అని రాయండి. రెండూ కలిపేస్తే ఏదీ తెలియకుండా పోతుంది.

ప్రతి బాటిల్ మీద ఉండాల్సినవి:

- నంబరు, చోటు, తేదీ, సమయం
- తీసినవారి సంతకం, పక్కన ఒక సాక్షి సంతకం
- సరఫరా మొదలై ఎంతసేపయింది
- అప్పటికప్పుడు చూసిన మిగులు క్లోరిన్

## 6. ఊళ్లోనే చేసుకోగలిగిన మూడు పరీక్షలు

మిగులు క్లోరిన్. ఇది ల్యాబ్‌కు వెళ్లేలోపు తగ్గిపోతుంది కాబట్టి నల్లా దగ్గరే చూడాలి. కిట్‌లోని డీపీడీ గోళీ వేస్తే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. క్లోరోస్కోప్ అయితే పసుపు రంగు. రంగు వచ్చిన వెంటనే చార్టుతో పోల్చండి, ఆలస్యం చేస్తే లెక్క తప్పుతుంది. ట్యాంకు దగ్గర 0.5 ఉండి చివరి ఇంట్లో సున్నా వచ్చిందంటే, మధ్యలో ఏదో క్లోరిన్‌ను తినేస్తోంది. అది మురుగు కావచ్చు, గొట్టంలో పేరుకున్న బురద కావచ్చు.

టీడీఎస్ మీటర్. దీనితో నీళ్లు మంచివా కాదా తేలదు, మలం కలిసిన నీళ్లకూ టీడీఎస్ తక్కువే చూపించవచ్చు. అయినా దీనికి గొప్ప ఉపయోగం ఒకటి ఉంది. శుద్ధి చేసి పంపే నది నీళ్ల టీడీఎస్ సాధారణంగా తక్కువ, మన బోరు నీళ్లది బాగా ఎక్కువ. నిన్న తక్కువ చూపిన నల్లా ఇవాళ రెండింతలు చూపిస్తే, ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కించారన్నమాట. సరఫరా ఆగినప్పుడు అలా చేయక తప్పదు గానీ, ఆ బోరులో ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంతున్నాయో తెలుసుకోకుండా చేయకూడదు. క్లోరిన్ కూడా వేయాలి.

హెచ్‌2ఎస్ సీసా. ఇది మురుగు బ్యాక్టీరియా ఉంటే నల్లబడే మందు వేసిన సీసా. నీళ్లు పోసి గది వేడిలో ఉంచండి. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మురుగు కలిసిందన్న గట్టి అనుమానం. ఇది హెచ్చరిక మాత్రమే, ల్యాబ్ రిపోర్టుకు బదులు కాదు.

## 7. రిపోర్టులు పక్కపక్కన పెట్టి చదవండి

ఒక్కో రిపోర్టు విడిగా చదివితే అంకెలే కనబడతాయి. నాలుగూ పక్కపక్కన పరచండి.

ఊళ్లోకి వచ్చే నీళ్లు బాగుండి, ట్యాంకు నుంచి వచ్చేవి చెడితే తప్పు ట్యాంకులో ఉంది. మూత లేకపోవడం, పావురాలు, అడుగున బురద, పగిలిన గోడ. ఇది పంచాయతీ వెంటనే చేయగలిగిన పని.

ట్యాంకు, మొదటి ఇల్లు బాగుండి చివరి ఇల్లు చెడితే గొట్టంలో ఉంది. చాలా ఊళ్లలో ఇదే అసలు కథ, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మన దగ్గర నీళ్లు గంటో రెండు గంటలో వస్తాయి. మిగతా సమయమంతా గొట్టం ఖాళీ. గొట్టంలో ఒత్తిడి పడిపోయినప్పుడు, మోరీలో మునిగి ఉన్న సన్నటి పగులు లోంచి మురుగు లోపలికి వెళ్తుంది. మర్నాడు నీళ్లు వదలగానే ఆ మురుగే ముందు మీ బిందెలో పడుతుంది. నల్లాకు నేరుగా మోటార్ బిగించి లాగితే పరిస్థితి ఇంకా చెడుతుంది. మోటార్ పీల్చే బలానికి గొట్టంలో ఒత్తిడి ఇంకా పడిపోయి, ప్రతి పగులూ మురుగును లోపలికి లాగుతుంది. ఎవరి ఇంట్లో మోటార్ ఉందో వీధి మొత్తానికి తెలుసు, అడగడానికే మొహమాటం. గ్రామసభలో అందరి ముందూ, ఎవరి పేరూ ఎత్తకుండా, మోటార్లు తీసేయాలని తీర్మానం చేయించడం మేలు.

ఒక్క ఇల్లే చెడితే ఆ ఇంటి కనెక్షన్ చూడండి.

నాలుగు చోట్లా చెడితే పైనుంచే చెడి వస్తున్నాయి, లేదా ఊరి బోరే చెడింది. అప్పుడు బోరు శాంపిల్ విడిగా తీయండి.

## 8. కట్టడాలు తిరిగి చూడండి

రిపోర్టులు వచ్చాక, తప్పు ఉన్న భాగాన్ని నడిచి చూడండి. మిషన్ భగీరథ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చేలోపు ఈ జాబితా మీ చేతిలో ఉంటే ఆయన పని సగం తగ్గుతుంది.

- ట్యాంకు మీద మూత ఉందా, గాలి గొట్టానికి జాలీ ఉందా
- కడిగిన తేదీ ట్యాంకు మీద రాశారా, ఆ తేదీని మీ నోట్‌బుక్కుతో పోల్చారా
- మెట్లు, స్లాబు, స్తంభాల్లో ఊచలు తేలాయా
- వాల్వు గుంతల్లో మురికినీళ్లు నిలిచాయా. గాలి వాల్వు మునిగి ఉంటే అదే మురుగుకు దారి
- మోరీలో మునిగిన గొట్టం ఎన్ని చోట్ల ఉంది
- గొట్టాల చివరన బురద వదిలే వాల్వు ఉందా, ఎప్పుడైనా తెరిచారా
- నల్లా గుంతలు నేలమట్టం కంటే కిందికి ఉన్నాయా

ట్యాంకు మీదికి శిక్షణ లేనివాళ్లు ఎక్కొద్దు. సంపులోకి, సెప్టిక్ ట్యాంకులోకి తల పెట్టి చూడటం కూడా వద్దు. విషవాయువు క్షణాల్లో మనిషిని పడేస్తుంది.

బ్లీచింగ్ పౌడర్ లెక్క మీకూ తెలిసి ఉండాలి. పౌడర్‌లో క్లోరిన్ 25 శాతం ఉంటే, వెయ్యి లీటర్ల నీళ్లలో లీటరుకు 1 మి.గ్రా. క్లోరిన్ రావడానికి 4 గ్రాములు కావాలి. 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. బకెట్‌లో కలిపి, సున్నం పేరుకునేదాకా ఆగి, పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోయాలి. అరగంట తర్వాతే వాల్వు తిప్పాలి. చెమ్మలో మూతి విప్పి ఉంచిన సంచిలో పౌడర్ బలం తగ్గిపోతుంది, ఎంత వేసినా నల్లా దగ్గర సున్నాయే చూపిస్తుంది. పని వాటర్‌మన్‌దే. మీరు సంచి ఎక్కడ పెట్టారో, ఎప్పుడు కొన్నారో చూడండి.

## 9. వాగు, కుంట చెడితే

ఇక్కడ పద్ధతి వేరు. అనుమానం ఉన్న మోరీ కలిసే చోటుకు పైన ఒకటి, కలిసే మోరీలో ఒకటి, కలిశాక కొంత దూరం కిందుగా ఒకటి, మొత్తం మూడు శాంపిళ్లు. ముందు కిందిది తీసి పైకి నడవండి. పై నుంచి మొదలుపెడితే మీ కాళ్ల కింద లేచిన బురద కింది శాంపిల్‌లోకి వస్తుంది.

ల్యాబ్‌ను బీఓడీ, సీఓడీ (నీళ్లలోని మురుగు ఎంత ఆక్సిజన్‌ను తినేస్తుందో చెప్పే కొలతలు), అమోనియా, ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) అడగండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో, మామూలు శుద్ధి చేసి తాగునీటికి వాడుకోవాలంటే బీఓడీ లీటరుకు 3 మి.గ్రా. మించకూడదు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ 4 కంటే తగ్గకూడదు. జలాశయాన్ని నింపే వాగును ఈ గీటుతోనే కొలవాలని నా అభిప్రాయం.

మోరీ ఎక్కడుందో తెలియకపోతే టీడీఎస్ మీటర్ పట్టుకుని గట్టు వెంట నడవండి. అంకె ఉన్నట్టుండి పెరిగిన చోట ఆగి చుట్టూ చూడండి.

ఒక చట్టం మాట. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కోర్టులో నిలిచే శాంపిల్ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధికారులు, ఆ పద్ధతి ప్రకారం తీసిందే. మీ రిపోర్టు పనికిరాదని కాదు. వాళ్లను ఆ చోటికి, ఆ సమయానికి రప్పించడానికి అదే ఆధారం. కాబట్టి ఫిర్యాదులో "శిక్షించండి" అని కాకుండా "ఈ చోట, ఈ సమయాల్లో మీరు శాంపిల్ తీయండి" అని రాయండి.

రాత్రిపూట సెప్టిక్ ట్యాంకర్లు వాగులో వదులుతుంటే వెంటపడొద్దు, బండికి అడ్డం నిలబడొద్దు. దూరం నుంచి నంబరు, సమయం, చోటు రాసుకుని 112కు ఫోన్ చేయండి. మర్నాడు రాతపూర్వకంగా ఇవ్వండి.

## 10. ఫిర్యాదు: ఎవరికి, ఎలా

- ట్యాంకు, ఊళ్లో గొట్టాలు: పంచాయతీ కార్యదర్శి, సర్పంచ్. కాపీ మిషన్ భగీరథ ఏఈకి, ఎంపీడీవోకు
- ఊళ్లోకి వచ్చే నీళ్లే చెడితే: మిషన్ భగీరథ ఇంజినీర్లు
- జలమండలి సరఫరా అయితే: 155313
- విరేచనాలు, కామెర్లు: అదే రోజు పీహెచ్‌సీ డాక్టరుకు
- వాగులో మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు: కాలుష్య నియంత్రణ మండలి, ప్రధాన కార్యాలయం సనత్‌నగర్. కాపీ ప్రాంతీయ కార్యాలయానికి
- గండిపేట, హిమాయత్ సాగర్‌లలోకి చేరే మురుగు: జలమండలికి కూడా
- చెరువు ఆక్రమణ: తహసీల్దార్, ఇరిగేషన్. ఔటర్ లోపల అయితే హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ)

ఒక పేజీ దాటకుండా రాయండి. నమూనా:

"మా ఊరు …, … మండలం. … తేదీ ఉదయం … గంటలకు సరఫరా సమయంలో తీసిన నీటి శాంపిళ్లలో, ట్యాంకు దగ్గర ఈ.కోలి లేదు, … వీధి చివరి ఇంట్లో ఉంది. ఆ రెండింటి మధ్య … దగ్గర గొట్టం మోరీలో మునిగి ఉంది. ఫొటోలు, రెండు ల్యాబ్ రిపోర్టులు, మ్యాపు జత చేశాం. ఆ … మీటర్ల గొట్టాన్ని మోరీ నుంచి పైకి మార్చాలని, పూర్తయ్యేదాకా ఈ వీధికి ట్యాంకర్ నీళ్లు పంపాలని కోరుతున్నాం. పని ఏ తేదీలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలపగలరు."

కింద సంతకాలు, ఫోన్ నంబర్లు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద "అందింది" ముద్ర, తేదీ వేయించుకోండి. వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు.

కదలిక లేకపోతే మెట్లు ఇవి:

1. గ్రామసభ. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. తీర్మానం పుస్తకంలో రాయించి, దాని నకలు తీసుకోండి.
2. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. ముద్ర ఉన్న పాత కాపీ జత చేయండి.
3. సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజుల గడువు. రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, దానికి జవాబు రాదు. కాగితాలు అడగండి: గత ఏడాది మా ఊరి నీటి పరీక్షల రిపోర్టులు, ట్యాంకు కడిగిన రిజిస్టరు, బ్లీచింగ్ పౌడర్ కొన్న బిల్లులు, మా ఫిర్యాదు మీద కదిలిన ఫైలు నకలు.
4. వాగు, చెరువు కాలుష్యం అయితే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్. దరఖాస్తుకు కారణం మొదట తలెత్తిన ఆరు నెలల్లో వేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వవచ్చు. నష్టపరిహారం కోరే దరఖాస్తుకు ఐదేళ్లు. గడువు దాటకుండా మీ మొదటి ఫొటో తేదీని గుర్తుంచుకుని లాయర్‌ను కలవండి.

## 11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే తీరు

నీళ్ల సీసా పట్టుకెళ్లి ఆఫీసరు టేబుల్ మీద పెట్టడం. ఫొటోకు బాగుంటుంది, ఫైల్లోకి వెళ్లదు. రిపోర్టు పెట్టండి.

ఒకే కాగితంలో నీళ్లు, రోడ్డు, వీధి దీపాలు అన్నీ రాయడం. ఒక్కో పనికి ఒక్కో కాగితం.

రిపోర్టు ఒరిజినల్ ఇచ్చేయడం. ఎప్పుడూ జిరాక్స్ ఇవ్వండి.

శాంపిల్ రోజు ముందే అందరికీ తెలియడం. ఆ ఒక్క రోజు ట్యాంకులో క్లోరిన్ దండిగా పడుతుంది. పక్క వారం చెప్పకుండా ఇంకోసారి క్లోరిన్ చూడండి.

రిపోర్టు రాకముందే ఫలానా కోళ్ల ఫారం వల్లే అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం. తేలకపోతే మీ తర్వాతి మాట ఎవరూ నమ్మరు, పైగా కేసుల టెన్షన్.

## 12. ఈలోగా ఏం తాగాలి

ఈ.కోలి ఉంటే నీళ్లు తెర్లేలా మరగబెట్టి, మూత పెట్టి చల్లార్చి తాగండి. క్లోరిన్ గోళీలు ఏఎన్ఎం దగ్గర అడగండి, ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం వేయండి.

నైట్రేట్, ఫ్లోరైడ్ ఎక్కువుంటే మరగబెట్టొద్దు. నీళ్లు ఇగిరి అవి ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ 45 దాటిన నీళ్లతో ఆరు నెలల లోపు పసిబిడ్డలకు పాలపొడి కలపొద్దు. వాళ్ల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. ఈ రెండింటికీ ఆర్వో పనిచేస్తుంది. ఊళ్లో ఆర్వో ప్లాంటు ఉంటే దాని నీళ్లూ ఒకసారి పరీక్ష చేయించండి, ఫిల్టర్లు మార్చని ప్లాంటు నీళ్లకు నమ్మకం లేదు.

## 13. రిపేరు అయ్యాక

గొట్టం మార్చారు, మట్టి పూడ్చారు, ఫొటో దిగారు. పని అక్కడితో అయిపోయినట్టు కాదు. తవ్వినప్పుడు లోపలికి పోయిన మట్టి, మురుగు బయటికి పోయేదాకా చివరి వాల్వు తెరిచి నీళ్లు వదలమని, గొట్టాన్ని ఎక్కువ క్లోరిన్‌తో కడగమని అడగండి. వారం తర్వాత అదే నాలుగు చోట్ల, అదే సమయంలో మళ్లీ శాంపిళ్లు తీయండి. బాగుంటే ఆ రిపోర్టు కాపీ ఏఈకి, కార్యదర్శికి ఇచ్చి, ఫైలు ముగిసిందని రాయించుకోండి. బాగాలేకపోతే అదే ఫిర్యాదు నంబరు మీద కొత్త రిపోర్టు జత చేయండి, కొత్త ఫిర్యాదుగా ఇస్తే గడువులన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు.

తర్వాత నెలకోసారి చివరి ఇంట్లో క్లోరిన్, వానాకాలం మొదట్లో ఒకసారి ఈ.కోలి, మే నెలలో బోర్లకు నైట్రేట్, ఫ్లోరైడ్. తేదీలు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి, నోట్‌బుక్కు ఎవరి ఇంట్లో ఉంటుందో కూడా.